పెట్రోల్ వాసన అలవాటైపోతే

(వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు ఎత్తు మీద పని గురించి చెప్తాననుకున్నారు కమిటీవాళ్లు. పరంజాలు, నిచ్చెనలు, హార్నెస్‌లు... నా రోజువారీ గొడవ అదే కాబట్టి. ఆ సంగతి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు, మళ్లీ చెప్తారు కూడా. ఈసారి నేను వేరే సంగతి ఎత్తుకున్నాను. ఈ హాల్లో ఎప్పుడైనా గ్యాస్ స్టేషన్‌లో పనిచేసినవాళ్లు ఒక్కసారి చేతులెత్తండి.

చూశారా, సగం హాలు పైనే. నా చెయ్యి కూడా లేచే ఉంది.

ఇక్కడ గ్యాస్ అంటాం గానీ నాకది ఇప్పటికీ బంకే. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఊళ్లో రెండేళ్లు కాంట్రాక్టర్ల దగ్గర తిరిగి, చదువు పేరుతో బ్రాంప్టన్ వచ్చాను. వచ్చిన మూడో వారంలో దొరికిన పని బంకులో నైట్ షిఫ్ట్. అప్పట్లో నాకు అదే గొప్ప. బేస్‌మెంట్‌లో ఆరుగురం ఉండేవాళ్లం, అందులో నలుగురం బంకుల్లోనే చేసేవాళ్లం. ఇంటికొస్తే తలుపు తియ్యగానే పెట్రోల్ వాసన కొడుతోందని మిగతా ఇద్దరు తిట్టేవాళ్లు. మాకు మాత్రం ఏ వాసనా తెలిసేది కాదు. తగువంతా దాని మీదే. ఇప్పుడనిపిస్తుంది, ఆ ఇద్దరి ముక్కులే సరిగ్గా పనిచేశాయని.

ముందు మా బాబాయి సంగతి చెప్పాలి. అది చెప్పకుండా మిగతాది చెప్పలేను.

మా బాబాయి కోదాడ దగ్గర, హైదరాబాద్ - విజయవాడ రోడ్డు మీద ఒక బంకులో 24 ఏళ్లు పనిచేశాడు. 1994లో చేరాడు. రోజుకు పన్నెండు గంటలు, నిలబడే పని. లారీల ట్యాంకులోకి నాజిల్ పెట్టి, పొంగిందో లేదో మూతి దగ్గర వంగి చూస్తుండేవాడు. ఎవరికైనా బండిలోంచి పెట్రోల్ తియ్యాల్సి వస్తే పైపు పెట్టి నోటితో పీల్చి, ఉమ్మేసి, సీసాలోకి వదిలేవాడు. గ్రీజు అంటిన చేతుల్ని పెట్రోల్‌తోనే కడిగేవాడు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే నన్ను ఎత్తుకునేవాడు కదా, ఆ చొక్కా వాసన నాకు ఇష్టంగా ఉండేది. ఆ రోజుల్లో పెట్రోల్‌లో సీసం కూడా కలిపేవాళ్లు. మన దేశంలో దాన్ని పూర్తిగా ఆపింది 2000లో. ఇక బెంజీన్ అనే పదార్థం అప్పటి పెట్రోల్‌లో 5 శాతం దాకా ఉండొచ్చని అనుమతి. ఇప్పటి బీఎస్-6 పెట్రోల్‌లో ఆ హద్దు 1 శాతం.

2018లో బాబాయికి ఆయాసం మొదలైంది. నాలుగు మెట్లు ఎక్కితే కూర్చుండిపోయేవాడు. ఒంటి మీద ఎక్కడ తగిలినా నల్లగా కమిలేది, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. రక్తహీనతే కదా అని టానిక్కులు తాగించారు. చివరికి హైదరాబాద్ తీసుకెళ్తే, ఎముకల్లోని మజ్జ రక్తకణాలను సరిగా తయారు చెయ్యట్లేదని తేలింది. అక్కడ ఒక డాక్టరమ్మ మాత్రం "ఏం పని చేసేవారు?" అని అడిగింది. అన్ని ఆస్పత్రులు తిరిగితే ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. పెట్రోలే కారణమని కచ్చితంగా చెప్పలేను, కాదని కూడా చెప్పలేను అంది. అంది గానీ కేసు షీట్‌లో "పెట్రోల్ బంకులో 24 ఏళ్లు" అని రాసింది.

ఎవరో చెప్తే పిన్ని నష్టపరిహారం కోసం తిరిగింది. మన దేశంలో అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి కార్మికుల పరిహార చట్టంలో పని వల్ల వచ్చే జబ్బుల జాబితా ఉండేది, అందులో బెంజీన్ వల్ల వచ్చే జబ్బులూ ఉండేవి. అప్పటి ఈఎస్ఐ చట్టం జాబితాలోనూ ఉండేవి. చట్టం ఉంది, లేనిది కాగితం. బాబాయికి ఈఎస్ఐ కార్డు లేదు, పీఎఫ్ లేదు, జీతం చేతిలో పెట్టేవాళ్లు. బంకు యజమాని ఈలోపు ఇద్దరు మారారు. ఇప్పటాయన "మా దగ్గర చేసినట్టు ఏముందమ్మా?" అన్నాడు. ఇల్లంతా వెతికితే దొరికింది ఒక్క ఫోటో. దసరాకి పంపులకు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, యూనిఫాంలో వరుసగా నిలబడి తీయించుకున్నది. ఫోటో వెనక స్టూడియోవాడు వేసిన తేదీ ఉంది. 24 ఏళ్ల ఉద్యోగానికి సాక్ష్యం అంతే. బాబాయి 2019లో పోయాడు. పిన్నికి ఏమీ రాలేదు.

ఆ కబురు వచ్చినప్పుడు నేను ఇక్కడే, సైటులో ఉన్నాను. ఏడ్చిన తర్వాత నాకు వచ్చిన మొదటి ఆలోచన: నేను బంకులో ఎన్ని నెలలు చేశాను? ఏ నెలలో మొదలుపెట్టాను? నా దగ్గర ఏ కాగితం ఉంది? సగం జీతం నగదు. ఒక్క పే స్లిప్పు లేదు. బాబాయి దగ్గర కనీసం దసరా ఫోటో ఉంది, నా దగ్గర అది కూడా లేదు.

సరే, అసలు ఈ పెట్రోల్ ఒంట్లో ఏం చేస్తుంది? నేను డాక్టర్ని కాదు, కాస్త చదివి, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నది చెప్తాను. పెట్రోల్ అంటే ఒక్క పదార్థం కాదు, ఎన్నో రసాయనాల కలగలుపు. టొల్యూన్, జైలీన్ లాంటివి తలనొప్పి, తల తిరగడం, వికారం, కళ్ల మంటకు కారణమవుతాయి. హెక్సేన్ అనేది ఎక్కువ కాలం ఒంట్లోకి పోతే కాళ్లు చేతుల్లో నరాలు మొద్దుబారతాయి. అన్నిటికంటే చెడ్డది బెంజీన్. అది వెళ్లి మజ్జ మీద పడుతుంది. రక్తం తయారయ్యే చోటే దెబ్బ కొడుతుంది. రక్తహీనత, ఊరికే ఇన్ఫెక్షన్లు, కొందరిలో రక్త క్యాన్సర్. బెంజీన్ క్యాన్సర్ కారకమని తెలిసి దశాబ్దాలైంది. కొత్త సంగతి ఏమిటంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2025 మార్చిలో, వాహనాల్లో పోసే పెట్రోల్‌నే మొత్తంగా మనుషులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. మూత్రాశయ క్యాన్సర్, ఒక రకం రక్త క్యాన్సర్, ఈ రెండింటికీ తగిన ఆధారం ఉందని తేల్చింది. డీజిల్ ఇంజన్ పొగ 2012 నుంచే ఆ వర్గంలో ఉంది, ఊపిరితిత్తుల క్యాన్సర్ వల్ల. ట్రక్కు యార్డుల్లో పనిచేసే తమ్ముళ్లు ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. చలికని బండి ఆన్‌లో పెట్టి క్యాబిన్ వెనకే నిలబడి కబుర్లు చెప్పుకుంటారు కదా, దాని గురించే అంటున్నాను.

ఇది విని ఎవరూ బెదిరిపోవద్దు. సొంత కారులో వారానికోసారి పెట్రోల్ కొట్టించుకునే మనిషికీ, రోజూ ఎనిమిది గంటలు పంపు దగ్గర నిలబడే మనిషికీ చాలా తేడా ఉంది. కెనడాలో పెట్రోల్‌లోని బెంజీన్‌ను 1999 నుంచి దాదాపు 1 శాతానికి కట్టడి చేశారు. ట్యాంకు నిండుతుంటే పైకి తన్నే ఆవిరిని లోపలే పట్టుకునే ఏర్పాటు ఇక్కడి కొత్త కార్లలో ఉంటుంది. కౌంటర్ లోపల కూర్చునేవాళ్లకు తక్కువే. ఎక్కువ తగిలేది టాంకర్ దించేవాళ్లకు, ఫుల్ సర్వీసు పంపుల దగ్గర నిలబడేవాళ్లకు, పంపులు రిపేరు చేసేవాళ్లకు, ఒలికినది ఎత్తేవాళ్లకు. జెర్రీ క్యాన్లకు, గడ్డి కోసే మిషన్లకు, మా సైటులో కటింగ్ రంపాలకు ఆవిరి పట్టే ఏర్పాటేమీ ఉండదు, అంతా మన మొహం మీదికే. ఇంకోటి, సిగరెట్ పొగలో కూడా బెంజీన్ ఉంటుంది. రెండూ కలిపి లాగించేవాళ్లు లెక్క వేసుకోండి.

ఒంటారియోలో చట్టం పేరు పెట్టి మరీ నియంత్రించే పదార్థాలు 11 ఉన్నాయి. ఆస్బెస్టాస్, సీసం, సిలికా వగైరా. బెంజీన్ ఆ జాబితాలో ఉంది. ఎనిమిది గంటల సగటున గాలిలో పది లక్షల పాళ్లకు సగం పాలు, అంటే 0.5 పీపీఎం, దానికి హద్దు. ఆ మోతాదులో బెంజీన్‌ను మన ముక్కు పసిగట్టలేదు. బెంజీన్ వాసన విడిగా తెలిసిందంటే అప్పటికే హద్దు దాటినట్టు. పైగా పెట్రోల్ వాసనకు ముక్కు కొద్దిసేపట్లోనే అలవాటు పడిపోతుంది. "నాకేం వాసన రావట్లేదన్నా" అనే మాట ఎవరన్నా నాకు భయం అందుకే.

చలి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లందరికీ ఇక్కడ ఒక భ్రమ ఉంది. మైనస్ 20లో పెట్రోల్ ఏం ఆవిరవుతుందిలే అని. నేనూ అలాగే అనుకున్నాను. పెట్రోల్ మైనస్ 40లో కూడా మండేంత ఆవిరి వదలగలదు. అంతేకాదు, చలిలో బండి స్టార్ట్ అవ్వాలని చలికాలం పెట్రోల్‌ని త్వరగా ఆవిరయ్యేలాగే తయారు చేస్తారు. ఆ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, కిందకి దిగి గుంటల్లో, కందకాల్లో, బేస్‌మెంట్లలో కూర్చుంటుంది.

నేను చేసిన బంకులో రాత్రిపూట టాంకర్ వచ్చేది. నేల ట్యాంకు మూత తీసి, పొడుగాటి కర్ర దించి ఎంత ఉందో కొలవడం నా పని. మూత తియ్యగానే గుప్పుమనేది. వంగి, ఫోను లైటు వేసుకుని, కర్ర మీద గీత చూసేవాణ్ణి. చేతులకు ఊలు గ్లవ్స్. చలికి ఊలే కదా వేసుకుంటాం? ఊలు పెట్రోల్‌ని పీల్చుకుని తెల్లారేదాకా చేతికి పట్టీ కట్టినట్టు అంటిపెట్టుకుని ఉండేది. చలికి చర్మం పగిలి ఉంటుంది, ఆ పగుళ్లలోంచి ఇంకా తేలిగ్గా లోపలికి పోతుంది. ఒలికిన చోట మట్టిలాంటి పొడి చల్లి, ఎత్తి, ఆ సంచి తెచ్చి బూత్‌లోనే హీటర్ పక్కన పెట్టేవాళ్లం. బయట పెడితే మంచు పడుతుందట! తలుపు మూసి, హీటర్ వేసి, ఆ సంచి పక్కన కూర్చుని అన్నం తినేవాణ్ణి. తెల్లవారేసరికి తలనొప్పి. నిద్ర లేక అనుకునేవాణ్ణి. అది అంటుకోకపోవడం కూడా నా అదృష్టమే.

ఇదంతా తెలిశాక కూడా తప్పు చేశాను, అది కూడా మీ ముందే ఒప్పుకుంటాను. సూపర్‌వైజర్ అయిన మొదటి చలికాలం. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో కాంక్రీటు కొయ్యాలి, చలి రాకుండా చుట్టూ టార్పాలిన్లు కట్టాం. పెట్రోల్ రంపం. మన తెలుగు కుర్రాడే, వేడిగా ఉన్న రంపంలో అక్కడే, లోపలే పెట్రోల్ పోసి మళ్లీ కొయ్యడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి తల పగిలిపోతోందన్నా అన్నాడు. నేనేమన్నానో తెలుసా? టీ తాగు, తగ్గిపోతుందన్నాను. గంట తర్వాత వాడు మెట్లెక్కుతూ తూలాడు. బయటికి తీసుకొచ్చి కూర్చోబెట్టి 911కి ఫోన్ చేశాం. అది పెట్రోల్ ఆవిరి ఒక్కటే కాదు, కార్బన్ మోనాక్సైడ్. దానికి అసలు వాసనే ఉండదు. వాడు బాగున్నాడు, ఈరోజు ఈ హాల్లోనే ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. మూసిన చోట ఇంజను నడిపితే గాలి ఆడేలా చూడాల్సింది, గాలిని మీటరుతో కొలిపించాల్సింది మేమే అని చట్టంలో ఉంది. నాకు తెలుసు కూడా. పని అయిపోవాలనే తొందర. అప్పట్నుంచి నా సైటులో లోపల కోతకి కరెంటు రంపమే, లేదా పని ఆగుతుంది. పై వాళ్లతో రెండుసార్లు మాట పడ్డాను. పడితే పడ్డాను.

నేను చెప్తే ముసలోడి చాదస్తం అనుకోకుండా ఈ కొన్ని వినండి. నాజిల్ టక్కుమని ఆగాక ఇంకో రెండు డాలర్లు నింపొద్దు, పొంగేది అప్పుడే. గాలి ఎటు వీస్తోందో చూసి అది మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి, ఆవిరి మీ నుంచి అవతలికి పోతుంది తప్ప మొహానికి కొట్టదు. ఎన్95 మాస్కు దుమ్ముకే గానీ ఆవిరిని ఆపదు, దాన్ని నమ్ముకోవద్దు. ఆవిరికి వేరే ఫిల్టర్ ఉంటుంది. పల్చటి డిస్పోజబుల్ గ్లవ్స్ కొద్ది నిమిషాలే కాస్తాయి, తడిస్తే వెంటనే మార్చండి. బట్టల మీద ఒలికితే విప్పెయ్యండి. ఆ బట్టలు డ్రయ్యర్‌లో వేశారంటే మంటే. ఫర్నేస్ ఉన్న గదిలో ఆరేసినా అంతే, బేస్‌మెంట్‌లో ఉండే తమ్ముళ్లు ఇది రాసిపెట్టుకోండి. క్యాన్ నింపేటప్పుడు ట్రక్కులోంచి దించి నేల మీద పెట్టి నింపండి. ఎర్ర క్యాను పెట్రోల్‌కి, పసుపు డీజిల్‌కి. నోటితో పైపు ఎప్పుడూ పీల్చొద్దు, ఒక్క గుటక ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఎవరైనా మింగేస్తే వాంతి చేయించొద్దు, 911కి ఫోన్ చెయ్యండి. గర్భంతో ఉన్న చెల్లెళ్లు మాత్రం మొహమాటపడకుండా డాక్టర్‌కి చేసే పని చెప్పండి, బంకువాళ్లను టాంకర్ పని, ఒలికింది ఎత్తే పని లేని షిఫ్ట్ అడగండి. బెంజీన్ తల్లి నుంచి బిడ్డకు చేరుతుంది.

హక్కుల మాట. ఒంటారియోలో పనివాడికి మూడు హక్కులు: ఏం పదార్థంతో పనిచేస్తున్నామో తెలుసుకునేది, భద్రత విషయాల్లో పాల్గొనేది, ప్రమాదకరమైన పని చెయ్యననేది. బంకులో ఉన్న ప్రతి రసాయనానికీ భద్రతా పత్రం ఉండాలి, అడిగితే చూపించాలి. చెయ్యనన్నందుకు తీసెయ్యడం, గంటలు కొయ్యడం చట్టవిరుద్ధం. యజమాని వినకపోతే కార్మిక శాఖ నంబరు 1-877-202-0008. ఇక్కడ మన పిల్లల భయం నాకు తెలుసు. స్టూడెంట్ వీసాకి 2024 నవంబర్ నుంచి బయట పనికి వారానికి 24 గంటలే. దాన్ని దాటినవాడు, నగదు తీసుకున్నవాడు నోరెత్తడు, ఆ సంగతి యజమానికీ తెలుసు. నేనూ అలాగే నోరు మూసుకున్నాను. కానీ ఆరోగ్య భద్రత చట్టం వీసా చూసి వర్తించేది కాదు. డబ్ల్యూఎస్ఐబీ పరిహారం కూడా అంతే.

పడిపోతే, పేలితే లోకం మొత్తానికి తెలుస్తుంది. 2008 ఆగస్టులో టొరంటోలో ప్రొపేన్ డిపో పేలినప్పుడు, అక్కడ పనిచేస్తూ చనిపోయింది ఇండియా నుంచి చదువుకోవడానికి వచ్చిన 25 ఏళ్ల కుర్రాడు. 2009 డిసెంబర్ 24న కిప్లింగ్ అవెన్యూలో వేలాడే పరంజా విరిగి నలుగురు వలస కార్మికులు పోయారు. ఆ తర్వాతే మనందరికీ ఎత్తు పని ట్రైనింగ్ తప్పనిసరి అయింది. ఏప్రిల్ 28న కార్మికుల సంతాప దినం నాడు వాళ్లను తలుచుకుంటాం. ఆవిరి వల్ల పోయేవాడు అలా పోడు. పని మానేసి, వేరే ఊరు, వేరే ఉద్యోగం, పిల్లలు, ఇల్లు, అన్నీ అయ్యాక ఎప్పుడో ఆస్పత్రిలో పోతాడు. అప్పుడు "ఏం పని చేసేవారు?" అని ఎవరూ అడక్కపోతే ఆ లెక్క ఎక్కడా ఉండదు.

అందుకే నేను అడిగేది ఒక్కటే, రాసుకోండి. ఏ బంకు, ఏ వీధి, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, వారానికి ఎన్ని గంటలు, టాంకర్ దించారా, గ్లవ్స్ ఇచ్చారా, పక్కన ఎవరు పనిచేశారు. షిఫ్ట్ పట్టికకు ఫోటో తియ్యండి. జీతం ఈ-ట్రాన్స్‌ఫర్ వస్తే ఆ మెయిల్ తీసెయ్యకండి. టీ4 దాచండి. తలనొప్పి వచ్చిన రోజు తేదీ రాయండి. డాక్టర్ దగ్గరికి వెళ్తే అడక్కపోయినా మీరే చెప్పండి, ఇన్నేళ్లు పెట్రోల్ దగ్గర పనిచేశానని, ఫైల్లో రాయమనండి. నీరసం, కమిలిన మచ్చలు, తరచూ జ్వరాలు ఉంటే మామూలు సీబీసీ రక్తపరీక్ష అడగండి. పని వల్లే వచ్చిందని అనుమానం ఉంటే ఒంటారియోలో కార్మికుల కోసమే వృత్తి ఆరోగ్య క్లినిక్కులు ఉన్నాయి, ఓహెచ్‌కౌ అంటారు, 1989 నుంచి నడుస్తున్నాయి, టొరంటోలో ఉంది, హామిల్టన్‌లో ఉంది. డబ్బు తీసుకోరు. మీ పని చరిత్ర మొత్తం కూర్చుని వింటారు. జబ్బు పని వల్ల అని తెలిసిన ఆరు నెలల్లోపు డబ్ల్యూఎస్ఐబీకి ఫారం 6 పంపాలి, అది మరిచిపోవద్దు. అక్కడ కూడా మొదట అడిగేది మీరు రాసుకున్న ఇదే.

వెనక టేబుల్ మీద చిన్న నోటు పుస్తకాలు పెట్టించాను, డాలర్ షాపువే. తలా ఒకటి తీసుకోండి, భోజనానికి ముందే మొదటి పేజీ నింపండి, తర్వాత అంటే అవ్వదు. నాది ఇదిగో, మొదటి పేజీ ఇంకా సగం ఖాళీ. ఆ రోజుల్లో నాతో నైట్ షిఫ్ట్ చేసినవాళ్లు, ఆ బేస్‌మెంట్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా వచ్చి ఉంటే భోజనాల దగ్గర కనపడండి. మనం మొదలుపెట్టింది అక్టోబరా, నవంబరా, నాకు గుర్తు రావట్లేదు.